విశ్వాసం ఎవరి పట్ల? ‘ది షీల్డ్’ సమీక్షల గురించి ఒక పాఠకురాలి లేఖ

సంపాదకులకు నమస్కారం.

టెలివిజన్ నేర కథల గురించి మీ పత్రికలోనూ ఇతర పత్రికల్లోనూ వచ్చే సమీక్షలను నేను చాలా కాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. అమెరికన్ ధారావాహిక ‘ది షీల్డ్’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే రకం మాటలు ఎదురవుతున్నాయి. అందులో పోలీసు దళ నాయకుడైన విక్ మ్యాకీ చెడ్డవాడే అయినా తన జట్టు కోసం దేనికైనా తెగించేవాడని, ఆ జట్టులోని నలుగురి మధ్య ఉన్న అన్నదమ్ముల వంటి బంధమే ఆ కథకు ఆయువుపట్టని, చివరికి ఆ బంధం తెగిపోవడమే అందులోని విషాదమని రాస్తున్నారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఆ బంధం చివర్లో తెగిపోయింది కాదు. మొదటి ఎపిసోడ్ ముగిసేసరికే అది ఒక హత్య మీద, ఆ హత్యను దాచిన అబద్ధం మీద నిలబడి ఉంది. ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టి చూస్తే, పోలీసుల విధేయత గురించి ఆ ధారావాహిక చెప్పినదంతా మనకు తలకిందులుగా అర్థమవుతుంది. ఈ లేఖ కొంచెం పెద్దదే అయినా వీలైతే పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

చూడనివారి కోసం కొన్ని వివరాలు. షాన్ రయన్ సృష్టించిన ఈ ధారావాహిక 2002 మార్చి 12న ఎఫ్‌ఎక్స్ ఛానల్‌లో మొదలై, ఏడు సీజన్ల తర్వాత 2008 నవంబరు 25న ముగిసింది. లాస్ ఏంజెలెస్‌లో ఫార్మింగ్‌టన్ అనే కల్పిత ప్రాంతం, ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలో నడిచే పోలీసు స్టేషన్, అందులో వీధి ముఠాల పని పట్టడానికి ఏర్పరచిన ‘స్ట్రైక్ టీమ్’ అనే నలుగురి ప్రత్యేక దళం: ఇదీ రంగం. దళానికి నాయకుడు విక్ మ్యాకీ. ఆ పాత్ర వేసిన మైకేల్ చిక్లిస్‌కు 2002లోనే ఉత్తమ నటుడిగా ఎమ్మీ పురస్కారం వచ్చింది. మిగిలిన ముగ్గురు షేన్ వెండ్రెల్, లెమ్ అని అందరూ పిలిచే కర్టిస్ లెమాన్‌స్కీ, రానీ గార్డాకీ. కథ ముగిసి చాలా ఏళ్లయింది కనుక ముగింపుతో సహా అంతా చెబుతున్నాను. చెప్పకుండా నా వాదన సాగదు.

మొదటి ఎపిసోడ్‌లో స్టేషన్‌కు కొత్తగా వచ్చిన కెప్టెన్ డేవిడ్ అసెవేడా, విక్ జట్టు మాదకద్రవ్యాల వ్యాపారులతో కుమ్మక్కయిందని గ్రహిస్తాడు. టెర్రీ క్రౌలీ అనే డిటెక్టివ్‌ను ఒప్పించి, ఆ జట్టులోనే ఉంచి, ఆధారాలు సేకరించమంటాడు. అంతకుముందే ఈ సంగతి విక్‌కు తెలిసిపోతుంది. చేరవేసినవాడు వీధి రౌడీ కాదు, పోలీసు శాఖలోనే ఉన్న ఒక పెద్ద అధికారి, విక్‌కు పాత మిత్రుడు. ఎపిసోడ్ చివర ఒక మాదకద్రవ్యాల వ్యాపారి ఇంటి మీద దాడి జరుగుతుంది. ఆ వ్యాపారిని కాల్చి పడేసిన తర్వాత విక్ అతడి తుపాకీనే చేతికి తీసుకుని, పక్కనే నిలబడిన టెర్రీని ముఖం మీద కాలుస్తాడు. షేన్ అక్కడే ఉండి చూస్తాడు. విధి నిర్వహణలో ఒక పోలీసు నేరస్థుడి చేతిలో అమరుడయ్యాడని రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ఏడేళ్ల కథంతా ఈ ఒక్క తూటా నుంచి పుట్టినదే.

అయితే ఈ ఎపిసోడ్‌లో ఆ హత్యకు ముందు మరో ఘట్టం ఉంది. సమీక్షకులు దాన్ని విక్ గొప్పతనానికి ఉదాహరణగా పదే పదే చెబుతారు. ఒక చిన్నపిల్ల కనబడకుండా పోతుంది. ఆమె ఎక్కడుందో తెలిసిన వ్యక్తి స్టేషన్‌లోనే, విచారణ గదిలో కూర్చుని ఉన్నాడు, నోరు విప్పడం లేదు. డచ్ వాగెన్‌బాక్, క్లాడెట్ విమ్స్ అనే ఇద్దరు సమర్థులైన డిటెక్టివ్‌లు చట్టబద్ధంగా ఎంత ప్రయత్నించినా ఫలితం ఉండదు. అప్పుడు అసెవేడా, ఏ విక్‌ను జైలుకు పంపాలని తాను టెర్రీని నియమించాడో ఆ విక్‌నే పిలిచి గదిలోకి పంపుతాడు. విక్ కెమెరా ఆపించి ఆ మనిషిని చావబాదుతాడు. చిరునామా బయటికి వస్తుంది, పిల్ల బతికి బయటపడుతుంది. చూస్తున్నవారిలో ఊపిరి పీల్చుకోనివారు ఎవరుంటారు? నేనూ పీల్చుకున్నాను.

రెండు ఘట్టాలనూ ఒకే ఎపిసోడ్‌లో పెట్టడం నా దృష్టిలో యాదృచ్ఛికం కాదు, ఈ ధారావాహిక మొత్తానికీ తాళంచెవి అక్కడే ఉంది. ఆ గది తలుపు మూసుకున్నప్పుడు, ‘ఈ ఒక్కసారికి నిబంధనలు పక్కన పెట్టవచ్చు’ అని మన మనసు ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు మన నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకముందే అదే మనిషి ఒక సహోద్యోగిని చంపుతాడు. మొదటి పనికి అతడికి మనం ఇచ్చిన అనుమతికి గడువు లేదు, హద్దు లేదు, దాన్ని మళ్లీ వెనక్కి తీసుకునే మార్గమూ లేదు. ‘ఏ నిబంధన ఎప్పుడు తప్పాలో నాకు తెలుసు’ అనే అధికారం ఒక మనిషి చేతికి వచ్చాక, ఎవరు బతకాలో కూడా తనకే తెలుసని అతడు అనుకోవడానికి ఎంతో దూరం ఉండదు. ఆ దూరం ఎంతో కొలిచి చూపడానికి కథకులు తీసుకున్నది ఒక్క ఎపిసోడ్.

ఇక్కడ అసెవేడా చేసిన రాజీ గురించి ఎవరూ తగినంతగా మాట్లాడరు. విక్ పాపాలన్నీ కళ్లకు కనబడేవి: డబ్బు, నెత్తురు, బెదిరింపు. అసెవేడా పాపం కాగితాల్లో కలిసిపోయేది. టెర్రీని చంపింది విక్ అని అతడికి అనుమానం ఉంది, నిజానికి అది అనుమానం కన్నా బలమైనది. అయినా ఎన్నికల్లో నిలబడి నగర కౌన్సిల్‌కు వెళ్లాలన్న కోరిక ఉన్న ఆ కెప్టెన్‌కు నేరాల సంఖ్య తగ్గాలి, పత్రికల్లో మంచి పేరు రావాలి. ఆ రెండూ తెచ్చిపెట్టేది విక్ జట్టే. అందుకే అతడు ఒకచోట పోరాడతాడు, మరోచోట చేతులు కలుపుతాడు, ఇంకోచోట చూడనట్టు ఊరుకుంటాడు. విక్ వంటి వ్యక్తి ఏడేళ్లు నిలవడానికి అతడి తెలివితేటలు చాలవు. అతడి వల్ల లాభపడుతూ తన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకునే పై అధికారి ఒకడు ఎప్పుడూ అవసరం. పోలీసు కథల్లో నాయకుడి క్రౌర్యాన్ని విశ్లేషించే మన సమీక్షలు ఆ పై అధికారిని మాత్రం ‘సందిగ్ధంలో పడ్డ పాత్ర’ అనే ఒక్క మాటతో వదిలిపెడుతున్నాయి.

సమీక్షల్లో తరచుగా వాడే ‘విశ్వాసం’ అనే మాట దగ్గర కొంచెం ఆగాలనిపిస్తోంది. మన భాషలో విధేయత వేరు, విశ్వాసం వేరు. విధేయత పైవాడి ఆజ్ఞకు తలవంచడం. విశ్వాసం తిన్న ఉప్పుకు కట్టుబడి ఉండడం. అయితే పోలీసు తిన్న ఉప్పు ఎవరిది? జీతం ఇచ్చేది ప్రజలు, బ్యాడ్జి మీద ప్రమాణం చేసింది చట్టానికి. పక్కన నిలబడిన జట్టు సభ్యుడు ఆ ఉప్పు పెట్టినవాడు కాడు, అదే ఉప్పు తింటున్న మరొకడు మాత్రమే. ప్రమాదంలో ఒకరి ప్రాణాన్ని మరొకరు కాపాడుకునే మనుషుల మధ్య గట్టి అనుబంధం పుట్టడం సహజం, అది గౌరవించదగినదే. తలుపు అవతల తుపాకీ పట్టుకుని ఎవరున్నారో తెలియని స్థితిలో వెనక నిలబడినవాడి మీద నమ్మకం లేకపోతే ఆ ఉద్యోగమే సాగదు. నేను కాదనేది ఆ అనుబంధాన్ని కాదు. ఆ అనుబంధానికి అసలు యజమానిని మరిపించి, ‘మనవాడు’ అనే మాటను చట్టం కన్నా పైమెట్టు మీద కూర్చోబెట్టడాన్ని.

మన సామెతల్లోనూ ఈ చిక్కు ఉంది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాం. ఆ సామెత వినగానే తప్పంతా గుట్టు విప్పిన విభీషణుడిదే అన్నట్టు ధ్వనిస్తుంది. లంకకు చేటు తెచ్చింది గుట్టు బయటపడడమా, ఆ గుట్టు వెనక ఉన్న అపహరణమా అని మనం అడగం. విభీషణుడు ముందు అన్నగారికే ఎదురుగా నిలిచి చెప్పాడన్న సంగతిని సామెత మరిపిస్తుంది. టెర్రీ క్రౌలీని చాలామంది ప్రేక్షకులు చూసే చూపు ఇలాంటిదే. ‘జట్టులో చేరి వెన్నుపోటు పొడవబోయాడు’ అని రాసిన మాటలు నేను చదివాను. వెన్నుపోటు అనే మాటను చనిపోయినవాడి మీద వేసి, చంపినవాడికి విశ్వాసం అనే మాటను మిగల్చడం భాషకు కూడా అన్యాయం అని నాకు అనిపిస్తుంది.

ఇక ఆ జట్టు లోపలి సంగతి. టెర్రీని చంపింది తమ నాయకుడేనని లెమ్‌కూ రానీకీ చాలా కాలం తెలియదు. అంటే నలుగురి సోదరభావం అని మనం పిలుస్తున్నదానిలో ఇద్దరికి అసలు నిజమే తెలియదు. మిగిలిన ఇద్దరినీ కలిపి ఉంచినది ప్రేమ కాదు, ఒకరి చేతిలో మరొకరి ఉరితాడు ఉండడం. రెండో సీజన్ చివర వీరు ఆర్మేనియన్ ముఠా డబ్బును దోచుకుంటారు. ఆ డబ్బు వచ్చిన రోజు నుంచి వారి మధ్య ఒక్క మాట కూడా నిష్కల్మషంగా సాగదు. మూడో సీజన్ ముగింపులో లెమ్, ఆ డబ్బే తమ అందరినీ చంపుతుందని భయపడి, అందులో పెద్ద భాగాన్ని కొలిమిలో తగలబెడతాడు. జట్టును కాపాడాలన్న తపనతో ఆ ఏడేళ్లలో జరిగిన ఏకైక నిజాయతీ గల పని అదే. దాని ఫలితంగా జట్టు విడిపోతుంది. ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పాలి?

లెమ్ మరణం గురించి రాయకుండా ముందుకు వెళ్లలేను. అయిదో సీజన్‌లో అంతర్గత విచారణ విభాగానికి చెందిన జాన్ కావనా అతడిని పట్టుకుంటాడు. అతడి కారులో దొరికిన హెరాయిన్‌ను చూపి, మిత్రుల మీద సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేస్తాడు. లెమ్ చెప్పడు. తానే జైలుకు వెళ్లడానికి సిద్ధపడతాడు, తర్వాత పారిపోతాడు, అయినా మిత్రుల పేర్లు బయటపెట్టడు. అతడు అప్రూవర్‌గా మారబోతున్నాడన్న అబద్ధపు వార్త విక్ జట్టుకు చేరుతుంది. దాన్ని నమ్మిన షేన్ అతడికి తిండి తీసుకుని వస్తాడు, కాసేపు ఆప్యాయంగా మాట్లాడతాడు, ఆ తర్వాత అతడు కూర్చున్న కారులో గ్రెనేడ్ వేస్తాడు. వేశాక అక్కడే ఏడుస్తాడు. ఆ ఏడుపు నటన కాదు, అందుకే ఆ దృశ్యం చూడడం అంత కష్టం. ఆ జట్టులో అందరికన్నా విశ్వాసపాత్రుడు, విశ్వాసం లేదన్న అనుమానం మీద, అందరికన్నా దగ్గరివాడి చేతిలో చనిపోయాడు. రహస్యం మీద కట్టిన కూటమిలో నమ్మకానికి రుజువు చూపే మార్గమే ఉండదు. మౌనంగా ఉన్నవాడిని చూసినా ‘రేపు మాట్లాడతాడేమో’ అనే భయమే మిగులుతుంది. ఆ భయానికి చివరి మందు ఒక్కటే.

పోలికల కోసం వెతికే మన సమీక్షకులు ఇలాంటి చోట వెంటనే కర్ణుడిని తెస్తారు. నాకు మాత్రం లెమ్‌ను చూసినప్పుడు వికర్ణుడు గుర్తుకు వస్తాడు. నిండు సభలో ద్రౌపదికి జరుగుతున్నది అధర్మం అని కౌరవుల్లో నోరు తెరిచి చెప్పినవాడు అతడొక్కడే. చెప్పి కూడా అన్నల పక్షానే నిలిచాడు, ఆ పక్షానే భీముడి చేతిలో పడ్డాడు. చెడును చెడు అని గుర్తించగలిగి, దాని నుంచి బయటికి అడుగు వేయలేని మనిషిని చూసి జాలిపడవచ్చు, ప్రేమించనూ వచ్చు. కానీ అతడి నిస్సహాయతనే ఆదర్శంగా ఎత్తి చూపకూడదు.

మౌనం ఎలా తయారవుతుందో చూపే మరో చిన్న కథ మొదటి సీజన్‌లో ఉంది. జూలియన్ అనే కొత్త పోలీసు, స్ట్రైక్ టీమ్ దాడిలో పట్టుబడ్డ కొకైన్‌లో కొంత దొంగిలించడం కళ్లారా చూస్తాడు. భక్తి, భయం ఉన్న మనిషి. కెప్టెన్ దగ్గరికి వెళ్లి వాంగ్మూలం ఇస్తాడు. అతడు స్వలింగ సంపర్కుడని, ఆ సంగతి బయటపడితే అతడు తట్టుకోలేడని విక్ కనిపెట్టి బెదిరిస్తాడు. జూలియన్ వాంగ్మూలం వెనక్కి తీసుకుంటాడు. ఇందులో విశ్వాసం ఎక్కడుంది? బయటి నుంచి చూసేవారికి మాత్రం ‘పోలీసులు ఒకరినొకరు వదులుకోరు’ అన్న మాటే వినబడుతుంది.

నేను ఉద్యోగ విరమణకు ముందు చాలా ఏళ్లు న్యాయస్థానంలో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేశాను. యూనిఫాంలో బోనెక్కిన సాక్షి కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు, వెనక బెంచీ మీద కూర్చున్న తోటివారి వైపు ఒక్క క్షణం చూడడం నేను గమనించేదాన్ని. ఆ చూపు కాగితం మీదికి ఎక్కదు. టైపు చేసేది మాటలను మాత్రమే. జూలియన్ వాంగ్మూలం వెనక్కి తీసుకున్న దృశ్యంలో ఆ నటుడి ముఖంలో నాకు ఆ చూపే కనబడింది. అప్పుడు నేను లేచి టెలివిజన్ కట్టేసి, మరుసటి రోజు మళ్లీ మొదటి నుంచి చూశాను.

ఇదంతా కల్పన కదా, ఇంత వాదన ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. ఈ కల్పనకు మూలం లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో నిజంగా జరిగిన రాంపార్ట్ కుంభకోణం. అక్కడ వీధి ముఠాలను అణచడానికి ‘క్రాష్’ అనే ప్రత్యేక దళం ఉండేది. కౌబాయ్ టోపీ పెట్టుకున్న పుర్రె, దాని వెనక పేకముక్కలు ఆ దళం తనకు తాను పెట్టుకున్న చిహ్నం. దళ సభ్యుడు రఫాయెల్ పెరెజ్, శాఖ సాక్ష్యాధారాల గది నుంచి సుమారు 3 కిలోల కొకైన్ దొంగిలించాడన్న ఆరోపణ మీద 1998 ఆగస్టులో అరెస్టయ్యాడు. 1999 సెప్టెంబరులో ప్రాసిక్యూటర్లతో ఒప్పందం చేసుకుని నోరు విప్పాడు. దాదాపు 70 మంది పోలీసుల మీద ఆరోపణలు చేశాడు. అబద్ధపు సాక్ష్యాలు, కల్పించిన ఆధారాలు, అకారణంగా కొట్టడాలు, కాల్పులు అన్నీ బయటికి వచ్చాయి. 1996 అక్టోబరులో పెరెజ్, అతడి సహచరుడు కలిసి ఆయుధం లేని ఒక యువకుడిని కాల్చి, అతడి పక్కన తుపాకీ పడేసి, అతడే తమ మీద దాడి చేశాడని కోర్టులో చెప్పారు. కాళ్లు చచ్చుబడిన ఆ యువకుడికి 23 ఏళ్ల జైలు శిక్ష పడింది. పెరెజ్ నిజం చెప్పాక 1999లో విడుదలయ్యాడు. నగరం అతడికి కోటిన్నర డాలర్లు పరిహారం ఇచ్చింది. ఈ కుంభకోణం కారణంగా 100కు పైగా శిక్షలు రద్దయ్యాయి. 2001లో శాఖ ఫెడరల్ న్యాయస్థానం పర్యవేక్షణ కిందికి వెళ్లింది.

ఆ 23 ఏళ్ల శిక్షను కాసేపు ఆలోచించమని మీ పాఠకులను కోరుతున్నాను. ఆ శిక్ష పడడానికి ఎంతమంది మౌనం కావలసి వచ్చిందో లెక్క వేయండి. కాల్చినవారు ఇద్దరే. కానీ నివేదిక రాసినవారు, దాన్ని చదివి సంతకం పెట్టినవారు, తుపాకీ ఎక్కడిదని అడగనివారు, అడగాలనిపించినా అడగలేకపోయినవారు ఎందరో. లాస్ ఏంజెలెస్ శాఖ తీరును పరిశీలించిన క్రిస్టఫర్ కమిషన్ అప్పటికే, 1991లోనే, ఫిర్యాదుల విచారణకు పోలీసుల మధ్య ఉన్న అప్రకటిత మౌన నియమం అతి పెద్ద అడ్డంకి అని చెప్పింది. చెప్పిన అయిదేళ్లకు ఆ యువకుడి మీద తూటా పేలింది.

పెరెజ్‌కు చివరికి పడిన శిక్ష అయిదేళ్లు. అతడి మాటల వల్లే అమాయకులు బయటికి వచ్చారు, ఆ మాటల వల్లే అతడి శిక్షా తగ్గింది. ధారావాహిక ముగింపు రాసినవారు ఈ బేరాన్ని బాగా అర్థం చేసుకున్నారని నేను అనుకుంటున్నాను. ఏడో సీజన్‌లో విక్ ఫెడరల్ అధికారులతో ఒప్పందం కుదుర్చుకుంటాడు. ఒక పెద్ద మాదకద్రవ్యాల నాయకుడిని పట్టిస్తానని మాట ఇచ్చి, దానికి బదులు తన పాత నేరాలన్నిటి నుంచీ రక్షణ పొందుతాడు. సంతకం అయ్యాక, రికార్డింగ్ నడుస్తుండగా, టెర్రీ హత్యతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చెప్పుకొస్తాడు. ఎదురుగా కూర్చున్న అధికారిణి ముఖం నెమ్మదిగా పాలిపోతుంది. ఒప్పందం తన చేతులతో చేసినదే, ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఒప్పుకోలు ఉంది, పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. నిజం చెప్పడం కూడా అతడికి తప్పించుకునే పనిముట్టే అయింది.

ఆ ఒప్పందంలో తనతోపాటు రానీకి కూడా రక్షణ ఉంటుందని విక్ ముందు నమ్మించాడు. మాజీ భార్య కొరీన్ చిక్కుల్లో పడిందని తెలిసినప్పుడు, ఆమెకో రానీకో ఒక్కరికే రక్షణ దొరికే స్థితి వస్తుంది. విక్ రానీని వదిలేస్తాడు. వదిలేసిన సంగతి అతడికి చెప్పడు. రానీ పారిపోవచ్చు, కానీ విక్ మాట నమ్మి ఆఖరి ఆపరేషన్ దాకా పక్కనే ఉండి పనిచేస్తాడు. పని పూర్తయి స్టేషన్‌లో నిలబడి ఉండగా అతడికి సంకెళ్లు వేస్తారు. ఎందుకో అతడికి అర్థం కావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. చివరిదాకా నాయకుడిని విడిచి వెళ్లని మనిషి అతడు. షేన్ సంగతి మరింత ఘోరం. బేరం పెట్టడానికి తన దగ్గర ఉన్నదంతా విక్ ముందే అమ్మేశాడని తెలిసిన తర్వాత, అతడు భార్యకూ చిన్న కొడుకుకూ విషం ఇచ్చి తాను కాల్చుకుంటాడు. టెర్రీ, లెమ్, షేన్, రానీ. విక్ జట్టులో అతడి పక్కన నిలబడినవారిలో బయటపడినవాడు లేడు. ‘జట్టు కోసం దేనికైనా తెగించేవాడు’ అని రాసే ముందు సమీక్షకులు ఈ పేర్లను ఒకసారి వరుసగా చదువుకోవాలి.

ఈ కథలో విశ్వాసం అనే మాటకు తగిన వ్యక్తి ఒకరున్నారు. ఆమె క్లాడెట్ విమ్స్. మూడో సీజన్‌లో, నిందితుల పక్షాన వాదించవలసిన ఒక ప్రభుత్వ న్యాయవాది మత్తుకు బానిసై కేసులు నడిపిందని ఆమె కనుగొంటుంది. ఆ సంగతి బయటపెడితే ఎన్నో పాత కేసులు తిరగదోడవలసి వస్తుంది, తన స్టేషన్ కష్టపడి సాధించిన శిక్షలూ అందులో ఉంటాయి. ఊరుకోమని అందరూ చెబుతారు. కెప్టెన్ పదవి ఆమెకు చేతికి అందేంత దూరంలో ఉంది. ఆమె ఊరుకోదు. పదవి పోతుంది, ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం ఆమె కేసులను పక్కన పెడుతుంది, తోటివారు మొహం తిప్పుకుంటారు. ఇక్కడ ఆమె విశ్వాసం చూపింది జైలులో ఉన్న, తనకు ముఖపరిచయం కూడా లేని నిందితుల పట్ల. అందుకే అది ఎవరికీ విశ్వాసంగా కనబడలేదు. ఇదీ కల్పనకే పరిమితం కాదు. అదే లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒక డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీ, సోదా వారంటు కోసం పోలీసు ఇచ్చిన ప్రమాణపత్రంలో తీవ్రమైన తప్పులున్నాయని పై అధికారులకు రాసి, అందుకు తన మీద కక్ష సాధించారని కోర్టుకు వెళ్లాడు. గార్సెటి, సెబాయోస్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో, ఉద్యోగ ధర్మంలో భాగంగా చెప్పిన మాటకు వాక్ స్వాతంత్ర్యపు రాజ్యాంగ రక్షణ వర్తించదని 2006లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండగా తీర్పు చెప్పింది. క్లాడెట్ లాంటివారికి చట్టం ఇచ్చే ఆసరా ఎంత పలుచనో ఆ తీర్పు చెబుతుంది.

విక్‌ను పట్టడానికి వచ్చిన కావనా సైతం చివరికి అబద్ధపు సాక్ష్యం కల్పిస్తాడన్న సంగతినీ చెప్పాలి. దీన్ని చూపి ‘అందరూ అంతే’ అని తేల్చేసే సమీక్షలు వచ్చాయి. అది తొందరపాటు. కావనా కల్పించిన సాక్ష్యాన్ని పట్టుకున్నది క్లాడెట్, డచ్‌లే, అదీ తాము ద్వేషించే విక్‌కు లాభం కలుగుతుందని తెలిసి. కావనా తప్పు ఒప్పుకుని జైలుకు వెళతాడు. అందరూ అంతే అయితే ఆ ఘట్టమే ఉండేది కాదు.

సమీక్షకుల పక్షాన న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కథకులు విక్‌ను మనకు దగ్గర చేశారు. ఆటిజం ఉన్న పిల్లల తండ్రిగా అతడి బాధ నిజమైనది, వీధిలో దిక్కులేనివారి పట్ల అతడు చూపే దయ కొన్నిసార్లు నిజమైనది, చిక్లిస్ నటన మనల్ని లాక్కుపోతుంది. అతడు తప్పించుకున్నప్పుడు సంతోషించినందుకు ఏ ప్రేక్షకుడినీ నేను తప్పుపట్టను. నేనూ అలా సంతోషించినదాన్నే. కానీ ప్రేక్షకుడికి ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని సమీక్షకుడు తీర్పుగా మార్చి అచ్చువేయకూడదు. ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి మూల్యం ఎవరు చెల్లించారు అని తిరిగి అడగడం సమీక్షకుడి పని.

చివరి ఎపిసోడ్‌లో విక్‌కు ఒప్పందం ప్రకారం ఫెడరల్ కార్యాలయంలో మూడేళ్ల ఉద్యోగం వస్తుంది. తుపాకీతో వీధిలోకి వెళ్లే పని కాదు, బల్ల ముందు కూర్చుని నివేదికలు టైపు చేసే పని. మాజీ భార్య, పిల్లలు సాక్షుల రక్షణ కింద అతడికి తెలియని చోటుకు వెళ్లిపోయారు. అంతకుముందు విచారణ గదిలో క్లాడెట్ అతడిని కూర్చోబెట్టి, షేన్ రాసి వదిలిన ఉత్తరాన్ని చదివి వినిపిస్తుంది, ఆ కుటుంబం శవాల ఫొటోలు ముందు పెడుతుంది. మొదటి ఎపిసోడ్‌లో ఒక మనిషిని చావబాదినది ఆ స్టేషన్‌లోని విచారణ గదిలోనే. ఈసారి క్లాడెట్ కెమెరా ఆపించలేదు.

మీ పత్రికలో ఈ ధారావాహిక గురించి గానీ, ఇదే దారిలో వస్తున్న ఇతర పోలీసు కథల గురించి గానీ రాసేవారికి నాదొక విన్నపం ఉంది. జట్టు బంధం గురించి రాసే పేరాలో, ఆ బంధం కోసం చంపబడినవారి పేర్లు కూడా రాయించండి. నేను దాచుకున్న సమీక్షల కత్తిరింపులను ఈ లేఖ రాసే ముందు మళ్లీ చదివాను. వాటిలో విక్ మ్యాకీ పేరు లేనిది ఒక్కటీ లేదు. టెర్రీ క్రౌలీ పేరు రెండింటిలో మాత్రమే ఉంది, అందులో ఒకటి ‘గూఢచారి’ అనే మాట పక్కన.

భవదీయురాలు,
మీ పాఠకురాలు